కాలరు కింద చిరునామా

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. చేతులు కడుక్కుంటే టేపు కొసలు రెండూ తడిసిపోతాయి. అవి ఆరేదాకా ఎండలో నిలబడుతుందే తప్ప మెడలోంచి తీయదు. అందుకని పెద్దా చిన్నా అందరికీ ఆమె టేపక్క. అసలు పేరు బ్యాంకువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఆమెకైనా గుర్తుందో లేదో.

దుకాణమంటే రోడ్డు వైపు తెరుచుకునే ఒక్క గది. కిటికీ దగ్గర రెండు కుట్టుమిషన్లు, మధ్యలో బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల, వెనక గోడ పక్కన ఆమె భర్త ఇస్త్రీ బల్ల. ఆమె కుట్టిందాన్ని ఆయన ఇస్త్రీ చేస్తాడు. ఆమె పది మాటలంటే ఆయన ఒకటి అంటాడు, అదీ ఇస్త్రీ పెట్టె పక్కన నిలబెట్టి మరీ. నెత్తిన పిడుగు పడ్డా నింపాదిగా తలెత్తి చూసే రకం. ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నావని ఎవరైనా అడిగితే, "ఇద్దరం అరుచుకుంటూ కూర్చుంటే బట్టలెవరు కుడతారు?" అంటుంది.

ఆ గదిలో ఒకప్పుడు మూడో మనిషి ఉండేవాడు. ఆమె తమ్ముడు.

తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోయేనాటికి వాడింకా పలక పట్టే వయసు. అప్పుడప్పుడే మిషను తొక్కడం నేర్చుకుంటున్న అక్క, ఆ మిషను మీదే వాణ్ణి పెంచింది. వాడి చదువంతా కత్తిరింపు బల్ల కిందే సాగింది. పైనుంచి రాలే బట్టపీలికల్ని తలమీంచి దులుపుకుంటూ ఎక్కాలు వల్లెవేసేవాడు. ఆమెకు పెళ్ళయ్యాక బావగారు కూడా దుకాణంతో పాటు వచ్చిన సామానులా వాణ్ణి కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు. పెద్దవాడై కంప్యూటరు నేర్చుకున్నాక, "అక్కా, నీ చేతిపని వీధి చివర ఉన్నవాళ్ళకే తెలియదు, ఇక లోకానికేం తెలుస్తుంది?" అని దుకాణానికి ఇంటర్నెట్టులో ఒక పేజీ పెట్టాడు. అక్క అనే మాటా కుట్టు అనే మాటా కలిపి దానికి చిరునామాగా ఒక పేరు కొన్నాడు. ఆ పేరు నేసిన చిన్న పట్టీలు చుట్టలు చుట్టలుగా తెప్పించి, కుట్టే ప్రతి చొక్కా కాలరు కిందా, ప్రతి గౌను మెడ వెనకా ఒకటి పెట్టి కుట్టమన్నాడు. బట్ట ఎంత దూరం పోతే అక్క చిరునామా అంత దూరం పోతుందని వాడి లెక్క.

పేజీ పెట్టిన ఏడాదికి బ్యాండుమేళం వాళ్ళ కోట్లు వచ్చాయి. పన్నెండు మందికి కోట్లు, కొలతలన్నీ ఆ పేజీలోనే పంపారు. వాళ్ళు పాత కోట్ల మీద టేపు వేసి తీసిన కొలతల్ని వీడు ఒంటి కొలతలనుకుని అక్క చేతికిచ్చాడు. వాటికి ఆమె ఎప్పటిలాగే వదులు కలిపి కత్తిరించింది. తీరా తొడిగి చూస్తే ఒక్కో కోటులో మనిషీ, మనిషితో పాటు వాయిద్యమూ పట్టేలా ఉన్నాయి. మేళం పెద్ద గుమ్మంలో నిలబడి కేకలేశాడు. వీధి వీధంతా తమాషా చూసింది. అప్పుడు టేపక్క నోరు జారింది. "కంప్యూటరు ముందు కూర్చుని దర్జీ అయిపోదామనుకున్నావా? తమ్ముడివైపోయావు గానీ, లేకపోతే నిన్ను ఈ గుమ్మం ఎక్కనిచ్చేదాన్ని కాదు!"

ఆ వారమంతా వాడు బల్ల దగ్గర కూర్చుని పన్నెండు కోట్ల కుట్లూ తనే విప్పాడు. ఆమె మళ్ళీ కత్తిరించి కుట్టింది. చివరి కోటు వెళ్ళిపోయిన మర్నాడు వాడూ వెళ్ళిపోయాడు. ఫోను పలకలేదు. స్నేహితులు తెలియదన్నారు. ఈడొచ్చినవాడు, తన కాళ్ళ మీద తను వెళ్ళినవాణ్ణి మేమెక్కడని వెతుకుతాం అన్నారు పోలీసులు. కోపంలో అన్న మాట ఎవరి నోటా ఉండదు? అందరి తమ్ముళ్ళూ ఒక పూట అలిగి తిరిగొస్తారు. ఈమె తమ్ముడు రాలేదు, అంతే.

ఏడాది తిరిగింది. ఒకరోజు జిరాక్సు అబ్బాయి కనిపించాడు. నాలుగిళ్ళ అవతల జిరాక్సు, ఇంటర్నెట్టు దుకాణం వాడిది. పొట్ట వచ్చినా, నెత్తిన వెంట్రుకలు సెలవు తీసుకున్నా, వీధికి వాడు అబ్బాయే. తమ్ముడి ఈడువాడు. "అక్కా, నీ పేజీ ఇంకా ఉందే! ఇలాంటి పేర్లకి ఏటా డబ్బు కట్టాలి, కట్టకపోతే ఊడిపోతాయి. నువ్వు కట్టావా?" అన్నాడు.

ఆమె కట్టలేదు. కట్టాలని కూడా తెలియదు. ఆయన్ని అడిగితే ఆయనకూ తెలియదు. మరి కట్టిందెవరు?

టేపక్కకి ప్రాణం లేచొచ్చింది. వాడే. ఎక్కడో ఉన్నాడు, అక్క మీద అలక తీరకపోయినా అక్క దుకాణం మీద మమకారం చావలేదు, ఏటా గుర్తుపెట్టుకుని కడుతున్నాడు! ఆనాటి నుంచి అదొక వ్రతమైపోయింది. ఏటా వాడు వెళ్ళిన నెల రాగానే జిరాక్సు దుకాణానికి వెళ్ళి, "ఏదీ, ఒకసారి తెరువు నాయనా" అంటుంది. పేజీ తెరుచుకుంటుంది. పాత ఫోటోలో రెండు మిషన్లూ, బల్లా కనిపిస్తాయి. చూసి, "ఉన్నాడు" అనుకుని, నవ్వుకుంటూ ఇంటికొస్తుంది. ఆయన కళ్ళతోనే అడుగుతాడు, ఆమె తలూపుతుంది. ఆ రోజు పని తొందరగా తెములుతుంది.

ఒకేసారి కొన్నేళ్ళకి కట్టొచ్చన్న సంగతి ఆమెకు ఏ కోశానా తట్టలేదు. తట్టే మార్గమూ లేదు. ఆ దుకాణంలో ఇవాళ్టి చొక్కా తీసుకెళ్ళాకే రేపటి చొక్కాకి బట్ట పుచ్చుకుంటారు. పిల్లలు ఎదుగుతారు, మనుషులు చిక్కుతారు, లావవుతారు, ముందుగా కత్తిరించి పెట్టుకోవడం తెలివితక్కువ అని ఆమె నమ్మకం. అలాంటి మనిషి లోకమంతా అలాగే నడుస్తుందనుకోవడంలో వింతేముంది? జిరాక్సు అబ్బాయి ఏటా కట్టాలన్నాడు, ఆమె ఏటా అనే అనుకుంది.

అలా చూస్తూ చూస్తూ ఉండగా ఈ ఏడు ఉత్తరం వచ్చింది. దళసరి కవరు, పైన గుండ్రటి ముద్ర. లోపల ఎర్ర అక్షరాలు. ఆమె పేజీ పేరు తప్పు లేకుండా అచ్చయి ఉంది. గడువు ముగియబోతోంది, వెంటనే కట్టకపోతే పేరు శాశ్వతంగా పోతుంది, ఇదే ఆఖరి హెచ్చరిక అని ఉంది.

ఆమె భయం పేరు పోతుందని కాదు.

"ఏవండీ, వాడు కట్టలేదు" అంది. "ఇన్నాళ్ళూ కట్టినవాడు ఎందుకు కట్టలేదు? ఒంట్లో బాగాలేదేమో. పని పోయిందేమో. లేకపోతే..."

"లేకపోతే ఏమీ లేదు. మరిచిపోయుంటాడు" అన్నాడాయన.

"ఇన్నేళ్ళూ మరవనివాడా?"

ఆయన ఫోను తీసి, ఉత్తరంలో ఉన్న గళ్ళ బొమ్మని ఫోనుకి చూపించి, అడిగినంతా కట్టేశాడు. ఆ నెల సంపాదనలో మంచి ముక్కే పోయింది. భార్య కళ్ళలో నీళ్ళు చూసి చేసిన పనికి ఆయన్ని తప్పు పట్టను. అలాంటి ఉత్తరాలు అచ్చేసేవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా ఏడుస్తారో లేదో, ఏడిస్తే వాళ్ళేం చేస్తారో తెలుసుకోవాలని మాత్రం ఉంటుంది.

మర్నాడు ఆమె ఆ ఉత్తరం పట్టుకుని జిరాక్సు దుకాణానికి వెళ్ళింది. చదివి జిరాక్సు అబ్బాయి నెత్తి కొట్టుకున్నాడు. "కట్టేముందు నాకో మాట చెప్పొద్దా అక్కా! ఇది దొంగ ఉత్తరం."

"ముద్ర ఉంది కదరా?"

"ముద్రదేముంది, నేనూ గుద్దిస్తాను. ఇదిగో, అడుగున చదువు." అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ఇది బిల్లు కాదు, మా సేవలు తీసుకోమని కోరడం మాత్రమే. "చూశావా, కేసుకి దొరక్కుండా ఇదొకటి. ఏ పేరు గడువు ఎప్పుడో ఎవరైనా చూసుకోవచ్చు అక్కా, దాపరికం ఏమీ ఉండదు. అది చూసి గడువు దగ్గరపడ్డవాళ్ళందరికీ ఇలాంటివి పంపుతారు. భయపడ్డవాళ్ళు కడతారు. మీవాడు పేరు కొన్న కంపెనీ వేరు, వీళ్ళు వేరు. ఎప్పుడైనా సరే, ఆ కంపెనీ దగ్గరకి మనమే వెళ్ళి కట్టాలి. ఇంటికొచ్చి తలుపు తట్టినవాడికి కట్టకూడదు."

"అయితే వాడు మానలేదా? కట్టాడా?" ఆమె మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ఉండు, ఇప్పుడే తీస్తాను." పేరు కొట్టాడు, వివరాలు తెరిచాడు. వాడి దృష్టంతా తెర మీదే ఉంది. శుభవార్త చెబుతున్నాననుకుంటూ గలగలా చెప్పుకుపోయాడు. "నీ పేరుకేమీ కాలేదక్కా. గడువు ఇంకా నెల ఉంది. మీవాడు తెలివైనవాడు, ఏటా ఈ గొడవెందుకని ఒకేసారి పదేళ్ళకి కట్టి పడేశాడు. ఇదిగో, ఆఖరున మార్చిన తేదీ. అప్పట్నుంచి దీన్ని ఎవరూ ముట్టుకోలేదు."

అని తలెత్తి ఆమె మొహం చూశాడు.

ఆ తేదీ ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. కోట్ల కుట్లు విప్పిన వారం అది. పగలంతా తలవంచుకుని దారాలు లాగిన పిల్లాడు మధ్యలో ఎప్పుడు లేచి వెళ్ళి కట్టాడో. ఏటా ఈ దుకాణంలో నిలబడి ఆమె చూసిన వెలుగు అప్పుడెప్పుడో వాడు ఒక్కసారి వెలిగించి పోయినది. ఏటా "ఉన్నాడు" అనుకుని నవ్వుకున్న ప్రతి నవ్వూ ఒట్టిదే. ఆమె టేపు రెండు కొసలూ పిడికిట్లో బిగించి, అక్కడున్న స్టూలు మీద కూలబడింది. జిరాక్సు అబ్బాయి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "నేను చెప్పకుండా ఉండాల్సిందక్కా" అన్నాడు.

ఇంటికొచ్చి భర్తతో ఒకే ముక్క చెప్పింది. "పదేళ్ళకి కట్టినవాడు పదేళ్ళదాకా రానని అనుకునే కట్టాడండీ."

రెండు రోజులు పోయాక ఫోను మోగింది. అవతల తేనె పూసిన గొంతు. ఒకసారి కట్టినవాళ్ళు రెండోసారీ కడతారని వాళ్ళ ఆశ. మేడమ్, మీ పేరులాంటి పేర్లు ఇంకెవరో కొనబోతున్నారు, మీ మంచి కోరి చెబుతున్నాం అని మొదలుపెట్టాడు. దొంగలని ఆమెకు తెలుసు. జిరాక్సు అబ్బాయి నూరిపోసి పంపాడు. అయినా ఫోను పెట్టేయలేదు.

"ఒక మాట చెప్పు బాబూ. మా తమ్ముడు మీ దగ్గర ఎప్పుడైనా కట్టాడా?"

"కట్టారు మేడమ్. పోయినేడు కూడా కట్టారు."

"మాట్లాడాడా నీతో? ఎలా ఉన్నాడు?"

"బాగున్నారు మేడమ్. మిమ్మల్ని అడిగారు."

అబద్ధమని తెలుసు. నిలువెత్తు అబద్ధం. అయినా ఆ రెండు మాటలు వినడం కోసం ఆమె ఇంకో నెల సంపాదన ఇచ్చేసేలాగే ఉంది. "ఇంకేమన్నాడు?" అని అడుగుతోంది, కళ్ళవెంట ధారలు కడుతున్నాయి. అప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి ఆయన వచ్చి ఫోను లాక్కున్నాడు. జన్మలో గొంతెత్తని మనిషి, ఎదురు దుకాణంవాళ్ళు బయటికొచ్చి చూసేలా అరిచాడు. "అక్కా తమ్ముళ్ళతో వ్యాపారమా రా మీకు? మళ్ళీ ఈ నంబరుకి చేశావంటే చూడు!" తర్వాత ఫోను ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని చొక్కాల దొంతర మీద పెట్టాడు.

అసలు గడువు దగ్గరపడింది. జిరాక్సు అబ్బాయి కబురు మీద కబురు పెట్టాడు. అసలు కంపెనీలో ఈ పేరుకి ఎవరైనా కట్టొచ్చు, పేరు మాత్రం తమ్ముడి మీదే ఉంటుంది, ఇప్పుడే కట్టేద్దాం అన్నాడు. ఆమె ససేమిరా అంది.

"కట్టెయ్యవే" అన్నాడు భర్త.

"నేను కడితే, వాడు కడతాడో లేదో ఎలా తెలుస్తుంది? గడువు దగ్గరపడితే కంపెనీవాళ్ళు వాడికి మెయిలు పంపుతారట. ఉంటే చూస్తాడు. చూస్తే కడతాడు. నన్ను ఆగనివ్వండి."

"కట్టకపోతే?"

"కట్టకపోతే..." అని, ఆమె మిషను గట్టిగా తొక్కడం మొదలుపెట్టింది, ఇక మాట వినిపించకుండా.

గడువు దాటింది. ఎవరూ కట్టలేదు. పేజీ ఆరిపోయింది. మిషన్లూ బల్లా ఉన్న ఫోటో పోయి, ఈ పేరు గడువు ముగిసింది అనే కంపెనీ మాట మాత్రం మిగిలింది. ఇంకొన్ని వారాలు అవకాశం ఉంటుందనీ, అదీ దాటితే పేరు సంతలో పడుతుందనీ, ఇలాంటి వాటి కోసం కాచుక్కూర్చునేవాళ్ళు ఉంటారనీ జిరాక్సు అబ్బాయి చెప్పాడు. తనకు తెలిసిన సంగీతం టీచరుగారి పేజీ పేరు అలాగే పోయిందట, ఇప్పుడు పాఠాల కోసం ఆ పేరు కొడితే జూదం ఆట వస్తుందట. "పాత మెయిలు వాడు చూడటం మానేసి ఉండొచ్చక్కా. కట్టనంత మాత్రాన లేడని కాదు" అని కూడా అన్నాడు. ఆమె విన్నది. విని, ఆగింది. అంత మొండి ఆశ మనిషికి ఉండకూడదు. కానీ ఉంటే ఏం చేస్తాం?

ఆ అవకాశం పోవడానికి ఇంకో వారం ఉందనగా ఒకావిడ కోటు చేతిమీద వేసుకుని దుకాణంలోకి వచ్చింది. రెండూళ్ళ అవతలి నుంచి. ఎవరో కొన్నాళ్ళు తొడిగి అమ్మేసిన కోటు కొనుక్కుందట, లైనింగు చిరిగింది, కుట్టినవాళ్ళ చేతే బాగు చేయించాలని పట్టుదల.

"మీ పేరు కాలరు కింద చూశాను. ఫోనులో కొడితే ఏమీ రాలేదు, మూసేశారనుకున్నాను" అందావిడ. "కుట్టినావిడ పోయిందేమో అని కూడా అనుకున్నాను, ఏమనుకోకండి. ఇటు చుట్టాలింటికి వచ్చి, బస్సులోంచి మీ బోర్డు మీద అదే పేరు చూసి దిగాను. లేకపోతే వెనక్కి పోయేదాన్నే."

టేపక్క కోటు తీసుకుంది. లైనింగు చూస్తున్నట్టు తల వంచింది గానీ, చేతులు ఆగిపోయాయి.

ఇన్నేళ్ళూ ఆ పేజీ తమ్ముడున్నాడని తనకు చెబుతోందనుకుంది. అది వాడికి ఏం చెబుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. వాడూ ఎక్కడో, ఎవరి ఫోనులోనో ఏటా ఒకసారి ఆ పేరు కొట్టి చూసుకుంటున్నాడేమో. పేజీ తెరుచుకుంటే అక్క ఉంది, దుకాణం నడుస్తోంది అనుకుని తన పనికి తను పోతున్నాడేమో. ఈ నెలలో కూడా కొట్టి ఉంటే? గడువు ముగిసింది అన్న మాట చూసి ఉంటే? ఆవిడ అనుకున్నట్టే వాడూ అనుకుని ఉంటే?

"కూర్చోండమ్మా, ఇప్పుడే వస్తాను" అని లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా జిరాక్సు దుకాణానికి వెళ్ళింది.

"కట్టెయ్ నాయనా. అసలు కంపెనీకే కదా?"

"అసలు కంపెనీకే అక్కా, నువ్వే చూసుకో." వాడు చకచకా తెరిచాడు. "ఎన్నేళ్ళకి? పదేళ్ళకైతే మళ్ళీ ఈ బెడద ఉండదు."

"ఒక్క ఏడాదికి."

"ఏటా ఈ తలనొప్పి ఎందుకక్కా?"

"పదేళ్ళంటే వాడు రాడని నేనే ఒప్పుకున్నట్టు. ఏడాదికి చాలు."

వాడు ఒక్క ఏడాదికే నొక్కాడు. డబ్బు వెళ్ళింది. కాసేపటికి, "ఇదిగో, వచ్చేసింది చూడు" అంటూ తెర ఆమె వైపు తిప్పబోయాడు.

"వద్దులే. నేను కట్టిందేగా, రాక ఎక్కడికి పోతుంది?" అని ఆమె బయటికి నడిచింది.

ఏటా నవ్వుకుంటూ వచ్చే ఆ నాలుగిళ్ళ దూరమూ అందరూ చూస్తుండగా ఏడుస్తూ వచ్చింది. కోటు ఆవిడ కంగారుగా లేచి నిలబడింది. భర్త ఎదురొచ్చాడు. ఎప్పటిలాగా కళ్ళతో అడగడం ఈసారి చేతకాలేదు ఆయనకి.

"ఉందా?" అన్నాడు.

"ఉంది" అంది. "ఇకమీద ఎవరు చూసినా మనం ఉన్నామని చెబుతుందండీ. వాడున్నాడో లేదో మాత్రం మనకి చెప్పదు."